చేప మందుకి పథ్యం

చెరువులో రొయ్యలకి పూటకి ఎంత మేత వెయ్యాలో లెక్కకట్టి చెప్పడం నా పని. గుడివాడ చుట్టుపక్కల చెరువుల వాళ్ళు ఫోన్ చేసి, పిల్ల వేసి ఎన్నాళ్ళయిందో, ఇప్పుడు రొయ్య ఎంత తూగుతోందో చెబితే, ఇన్ని కిలోలు వెయ్యండి అని చెబుతాను. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. ఇంటర్ దగ్గర చదువాగిపోయాక మేతల కొట్లో కూర్చుని, బస్తాల మీద అచ్చేసిన అంకెలు చదువుకుంటూ పట్టుబడింది. ప్రొటీన్ ఇంత, కొవ్వు ఇంత, పీచు ఇంత అని బస్తా మీద ఉంటుంది. జనం పేపరు చదివినట్టు నేను బస్తాలు చదివాను. ఇప్పటికీ ఎవరైనా బిస్కట్ ప్యాకెట్ ఇస్తే ముందు వెనక్కి తిప్పి చూస్తాను.

"పెళ్ళిచూపుల్లో నన్ను కూడా వెనక్కి తిప్పి చూపించాల్సింది. అంకెలు చదువుకునేవారు," అంటుంది మా ఆవిడ.

అలాంటివాడి ఇంట్లో అత్తగారికి షుగరు పెరిగితే ఊరుకుంటానా.

మా అత్తగారిది నాగాయలంక. మావయ్యగారు పోయిన దగ్గర్నుంచి గుడివాడలో మా దగ్గరే ఉంటోంది. డెబ్భై దాటిన మనిషి. మా ఆవిడ స్కూల్లో టీచరు కాబట్టి పొద్దున్నే వెళ్ళిపోతుంది, నేను చెరువుల మీద పడతాను, వంటిల్లు ఆవిడ రాజ్యం. నాతో ఎదురుపడి మాట్లాడడం తక్కువ. అవసరమైతే కూతురి ద్వారా కబురు పెడుతుంది, నేను పక్క గదిలోనే ఉన్నా సరే. నా ముందు కూర్చుని భోంచెయ్యడం అసలు లేదు. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, చివర్న వంటింట్లో ఒక్కర్తే తింటుంది. అల్లుడి ముందు అత్తగారు కంచం ముందేసుకుని కూర్చోవడం వాళ్ళ ఇంటి వరసలో లేదు.

ఏటా కార్తీకమాసం వెళ్ళగానే ఆవిడ నాగాయలంకలో చెల్లెలి దగ్గరికి వెళ్తుంది. నెలో నెలన్నరో ఉంటుంది. చలికాలపు ఎండలో అక్కచెల్లెళ్ళిద్దరూ పెరట్లో కూర్చుని మెత్తళ్ళ చేపలు ఎండబెడతారు. ఊళ్ళో వాళ్ళ సంగతులు కూడా వాటితోపాటే పరిచి, తిరగేసి, మళ్ళీ ఎండబెడతారు. ఒక్కర్తే బస్సెక్కి, పామర్రులో మారి, అవనిగడ్డ మీదుగా వెళ్తుంది. దింపడానికి వస్తామంటే చిన్నబుచ్చుకుంటుంది. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఆవిడ ఆ ప్రయాణానికి ముందో, తరవాతో అన్నట్టు ఉంటాయి.

ఆమధ్య వానాకాలంలో ఆవిడ కత్తిపీట ముందునుంచి లేవడానికి గోడ పట్టుకోవడం మొదలుపెట్టింది. తరవాత కూతురి చెయ్యి పట్టుకుంది. బందరులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ రక్తం తీయించి, బరువు చూసి, చివరికి ఒక కుర్చీ చూపించింది.

"చేతులు కట్టుకుని, ఎక్కడా ఆనించకుండా లేవండి పెద్దమ్మగారూ."

అత్తగారు లేవబోయి కూలబడింది. మళ్ళీ లేవబోయి కూలబడింది. మూడోసారి కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది.

"కుర్చీ మరీ లోతుగా ఉందండి," అంది.

"కుర్చీ మామూలుదేనండి," అంది డాక్టరమ్మ. తరవాత మా వైపు తిరిగింది. "తిన్న అన్నంలో చక్కెరంతా వెళ్ళి చేరాల్సింది కండలోకి. కండ అంటే గోడౌన్ అనుకోండి. గోడౌన్ చిన్నదైపోతే ధాన్యం బస్తాలు రోడ్డు మీదే ఉంటాయి. ఈవిడకి జరుగుతున్నది అదే. మాత్రలు వాడుతూనే గోడౌన్ పెంచాలి."

ఇంత చక్కగా లెక్క చెప్పిన డాక్టరుని నేను చూడలేదు. కిడ్నీలు బాగానే ఉన్నాయి కాబట్టి కిలో బరువుకి రోజుకి ఒక గ్రాముకి తగ్గకుండా, వీలైతే ఇంకాస్త ఎక్కువగా ప్రొటీన్ పడాలంది. అత్తగారి బరువు యాభై రెండు. అన్నం తగ్గించి, చేపా గుడ్డూ పప్పూ పెంచమంది. అంత తినలేకపోతే పొడులు దొరుకుతాయి, అందులో ఏదైనా కలుపుకోవచ్చంది. కుర్చీలోంచి లేచి కూర్చునే కసరత్తు రోజూ చెయ్యమంది. మూడు నెలల సగటు షుగరు ఎనిమిది పాయింట్ ఒకటి వచ్చింది. అది ఇంకా పెరిగితే ఇన్సులిన్ సూది గురించి ఆలోచించాల్సి వస్తుందని కూడా చెప్పింది.

బయటికి రాగానే క్లినిక్ పక్కనే లడ్డూల కొట్టు. బందరులో షుగరు డాక్టరు పక్కన లడ్డూల కొట్టు లేకుండా ఉండడం కష్టం. అత్తగారు అటు చూడకుండా నడిచింది. కార్లో మా ఆవిడ తీర్పు చెప్పేసింది.

"చూడమ్మా. ఎక్కడా పట్టుకోకుండా కుర్చీలోంచి లేచేదాకా నువ్వు ఒక్కదానివీ బస్సెక్కేది లేదు. సూది దాకా వెళ్ళిందంటే అసలు ఎక్కడికీ పంపించను."

అత్తగారు కిటికీ వైపు తిరిగింది. "కార్తీకం వెళ్ళేటప్పటికి లేస్తాలే," అంది.

మందుల షాపులో నాలుగు రకాల ప్రొటీన్ డబ్బాలున్నాయి. పాలది, సోయాది, బఠాణీలది, చేపలది. నాలుగూ వెనక్కి తిప్పాను. పాలపొడి ఆవిడకి కడుపులో పడదు. చేపల పొడిలో ప్రొటీన్ శాతం బాగుంది, చక్కెర సున్నా. ముసలివాళ్ళకి తేలిగ్గా అరగడానికి చేప మాంసాన్ని ముందే చిన్న ముక్కలుగా విడగొట్టి ఎండబెట్టిందట. ఫోన్లో వెతికితే షుగరుకి మంచిదని కొందరు, పెద్ద తేడా ఏమీ లేదని కొందరు రాశారు. పుట్టినప్పటినుంచి చేప తిన్న ఒంటికి చేప కొత్తేమీ కాదు కదా అని అదే తీసుకున్నాను.

"చేపలది అడిగేవాళ్ళు తక్కువండి. మనకి చేపలే దొరుకుతుంటే పొడెందుకు అంటారు," అన్నాడు షాపతను. ఆ మాట కాస్త ఆగి ఆలోచించాల్సిన మాటే. నేను డబ్బా మీద అంకెలు చదువుతున్నాను.

ఇంటికి రాగానే అత్తగారు వంటింట్లో కూతుర్ని అడగడం వినపడింది.

"ఏమిటే అది, అల్లుడుగారు తెచ్చింది?"

"చేప మందమ్మా. రోజూ పొద్దున్నే ఒక చెంచాడు. రొయ్యలకీ అదే పెడతారు, నీకూ అదే పెడుతున్నారు."

కూతురి వేళాకోళానికి ఆవిడ నవ్వలేదు. రెండు చేతుల్తో డబ్బా అందుకుని మందుల బల్ల మీద, బీపీ మాత్రల పక్కన పెట్టింది.

ఆ రోజునుంచి ఒక్క పూట తప్పలేదు. తెల్లారగానే స్నానం చేసి, గోరువెచ్చటి నీళ్ళలో చెంచాడు కలుపుకుని, కళ్ళు మూసుకుని తాగేసేది. నాకు చాలా తృప్తిగా ఉండేది. ఆవిడ మామూలుగా తినేది ఎంతో నాకు ఉజ్జాయింపుగా తెలుసు. దాని మీద చెంచాకి పది గ్రాములు. కూడితే డాక్టరమ్మ చెప్పినదానికి పైనే. ఆదివారం చేపల పులుసు పెట్టినప్పుడల్లా, ఇంత బాగా వండే మనిషికి ప్రొటీన్ తక్కువేమిటి అనుకుంటూ మరో ముక్క వడ్డించుకునేవాణ్ణి.

మూడు నెలల తరవాత మళ్ళీ బందరు వెళ్ళాం. సగటు ఎనిమిది పాయింట్ ఏడుకి ఎక్కింది. బరువు రెండు కిలోలు తగ్గింది. కుర్చీలోంచి ఈసారి చెయ్యి ఆనించినా ఒక్కసారిగా లేవలేకపోయింది.

"సరిగా తింటున్నారా?" అంది డాక్టరమ్మ.

"కడుపునిండా తింటున్నానండి," అంది అత్తగారు. అందులో అబద్ధం లేదని తరవాత తెలిసింది.

"పొడి?"

"ఒక్క రోజు మానలేదండి."

డాక్టరమ్మ మాత్ర మార్చింది. వచ్చేసారి కూడా ఇలాగే ఉంటే సూది తప్పదంది.

ఇంటికొచ్చాక మా ఆవిడకి తల్లి మీద అనుమానం మొదలైంది. వంటింట్లో డబ్బాలన్నీ దింపి మూతలు తీసి చూసింది. ఎక్కడైనా లడ్డూ ముక్కో, బెల్లపచ్చో కనపడుతుందని ఆశ. మినపప్పు డబ్బాలో నా పాత సిమ్ కార్డు ఒకటి దొరికింది, అంతే. నేనేమో లెక్క సరిపోలేదు కాబట్టి మోతాదు చాలలేదనుకుని, చెంచాడుని రెండు చెంచాలు చేశాను. కార్తీకం వెళ్ళిపోయింది. నాగాయలంకనుంచి చిన్నత్తగారు, అంటే ఆవిడ చెల్లెలు, ఫోన్ చేసి ఎప్పుడొస్తున్నావే అని అడిగితే, "ఈ ఏడు కుదరదులేవే," అని అత్తగారు చెప్పడం విన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు పెరటి గుమ్మంలో నిలబడిపోయింది.

చెరువులో ఇలాంటి తిరకాసు వస్తే మేం చేసే పని ఒకటుంది. మేత వేస్తున్నాం, రొయ్య ఎదగడం లేదు. అప్పుడు ఒక పళ్ళెంలాంటి వలలో కాస్త మేత పెట్టి అడుక్కి దింపుతాం. రెండు గంటల తరవాత పైకి లాగి, తిన్నదెంత, మిగిలిందెంత అని చూస్తాం. దాన్ని చెక్‌ట్రే అంటారు. వేసిన మేత వేరు, తిన్న మేత వేరు. ఈ సంగతి రైతులకి రోజూ చెప్పేవాణ్ణి. మా ఆవిడకి కూడా చెప్పాను.

"అయితే వెళ్ళి మా అమ్మ కంచం ముందు కూర్చోండి," అంది.

"అత్తగారి కంచం ముందు నేను కూర్చోవడమేమిటి?"

"నేను స్కూలుకి వెళ్ళిపోతానాయె. మీరేమో కూర్చోరు. ఇంక మీ పళ్ళెం ఎవరు దింపుతారు?"

దింపింది చిన్నత్తగారు. అక్క రాలేదని వారం తిరక్కుండా ఆవిడే దిగింది, ఐసు పెట్టెలో పెద్ద పండుగప్ప చేప, సంచీలో ఎండు మెత్తళ్ళు తీసుకుని. మా అత్తగారికి మాట ఎంత తక్కువో ఈవిడకి అంత ఎక్కువ. వచ్చీ రాగానే కొంగు బిగించి పులుసు పెట్టింది. మాకు వడ్డించింది. తను కూడా అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుంది, అల్లుడున్నాడని మొహమాటం ఏమీ లేకుండా. నేను తినేసి ముందు గదిలోకి వచ్చి ఫోన్ చూసుకుంటున్నాను. వంటింట్లోంచి ప్రతి మాటా వినపడుతోంది.

"రావే అక్కా, కూర్చో."

"నువ్వు కానీ. నేను తరవాత తింటాలే."

"తరవాతేంటి. తలకాయ నీకోసమే తీసి ఉంచాను."

"నువ్వు తినేసెయ్."

"పండుగప్ప తలకాయ వద్దంటున్నావంటే నీకేదో పెద్ద జబ్బే వచ్చిందే."

"జబ్బేం లేదు. పథ్యంలో ఉన్నా."

"దేనికి పథ్యం?"

"అల్లుడుగారు చేప మందు తెచ్చారు కదా. వానల దగ్గర్నుంచి తాగుతున్నా."

గరిటె కింద పెట్టిన చప్పుడైంది.

"చేప మందుకి చేప పథ్యమా?" అంది చిన్నత్తగారు.

"మరి కాదేంటి. మీ బావ ఉబ్బసానికి మృగశిరకార్తె నాడు చేప మందు మింగినప్పుడు నెలన్నర పథ్యం చేసింది ఎవరనుకున్నావ్? చేప లేదు, గుడ్డు లేదు, పెరుగు లేదు, పులుపు లేదు. పాత బియ్యం అన్నం, మిరియాల చారు, బీరకాయ. ఈ డబ్బాతో పథ్యం కాగితం ఇవ్వలేదు. అందుకని అదే చేసుకుంటున్నా. మందు సరిగ్గా పనిచెయ్యట్లేదని ఈమధ్య రెండు చెంచాలు చేశారు. నేనేమో పప్పు కూడా మానేశా."

"మరి ఆకలెయ్యదా?"

"ఎందుకెయ్యదు. చారులో మరో రెండు గరిటెల అన్నం కలుపుకుంటున్నా."

చిన్నత్తగారికి నవ్వు ఆగలేదు. పొలమారి, దగ్గి, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వింది. "అల్లుడుగారూ, మీ ఫోన్ అక్కడ పడేసి ఇట్రండి. మీ మందు మా అక్కని ఎట్లా ఎండబెట్టిందో చూద్దురుగాని."

నేను వంటింటి గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాను. నా తలలో అంకెలు వాటంతటవే తిరగబడ్డాయి. నేను మూడు నెలలుగా కూడికలు వేస్తుంటే ఆవిడ తీసివేతలు చేస్తోంది. చెంచాకి పది గ్రాములు వచ్చిన మాట నిజమే. రోజూ తినే చేప ముక్కా, గుడ్డూ, పెరుగూ, ఇప్పుడు పప్పూ పోయాయి. అవన్నీ కలిపితే రెండు చెంచాల పొడి వాటిలో సగానికి కూడా రాదు. వాటి స్థానంలో అన్నం పెరిగింది. గోడౌన్ కూలగొట్టి, లారీల్లో ధాన్యం తోలుతున్నాం.

"మరి నీ వాటా చేప ముక్కలు ఏమయ్యేవే? గిన్నె ఎప్పుడూ ఖాళీగానే ఉండేది కదా," అంది మా ఆవిడ.

గిన్నెలు కడిగే ఆవిడ రోజూ చిన్న క్యారేజీ తీసుకెళ్తోందట. ఆమధ్య ఆవిడ ఇంటిల్లిపాదీ కాస్త ఒళ్ళు చేశారని మా ఆవిడే నాతో అంది. ఆ ప్రొటీన్ ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది.

అత్తగారు మాత్రం నవ్వలేదు. కూతురి వైపు చూస్తూ నన్ను అడిగింది. "మందన్నాక పథ్యం ఉండొద్దుటే?"

దీనికి అంకెలతో జవాబు చెబితే పని జరగదని అర్థమైంది. "అది మందు కాదు అత్తయ్యగారూ. కూర. చేపని ఎండబెట్టి పొడిచేసిన కూర," అన్నాను.

"ఎండు మెత్తళ్ళ పొడి లాగానా?"

"అలాంటిదే. కాస్త శుభ్రంగా, గట్టిగా చేసింది."

ఆవిడ ఆలోచించింది. ఈసారి నేరుగా నాతోనే అంది. "కూర అయితే ఉప్పూ కారం లేకుండా నీళ్ళలో కలిపి తాగించారేంటండీ మరి."

మర్నాడు పొద్దున డబ్బా మందుల బల్ల మీద లేదు. పోపుల డబ్బా పక్కన ఉంది. ఆవిడ ఆ పొడిని అట్ల పిండిలో కలిపింది, పప్పుచారులో వేసింది, వెల్లుల్లి కారంలో దంచింది. డాక్టరమ్మకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆవిడ, "వేడి చేసినా పర్లేదండి, ప్రొటీన్ ఎక్కడికీ పోదు. దయచేసి చేపలు పెట్టండి," అంది.

చిన్నత్తగారు రెండు వారాలు ఉండిపోయింది. రోజూ అక్కని నా ఎదురుగానే కూర్చోబెట్టి అన్నం తినిపించింది. మొదట్లో అత్తగారు గోడవైపు తిరిగి కూర్చునేది. వారం పోయాక గోడకి పక్కగా తిరిగింది. ఎంత అన్నం, ఎన్ని ముక్కలు అన్నది నాకు కళ్ళారా కనపడేది. నేను చూస్తున్నానని మా ఆవిడ నన్ను చూసి నవ్వేది.

సాయంత్రం వరండాలో రెండు కుర్చీలు వేసుకుని అక్కచెల్లెళ్ళిద్దరూ లేచి కూర్చునే కసరత్తు చేసేవాళ్ళు.

"చెయ్యి ఆనించావే."

"ఆనించలేదు. చీర సర్దుకున్నా."

"ప్రతిసారీ చీరేనా?"

"నువ్వు చిన్నదానివి కదే. నీకేం, లేస్తావు."

"రెండేళ్ళు చిన్న. ఆ రెండేళ్ళూ మోకాళ్ళలో ఉన్నాయా?"

చిన్నత్తగారు వెళ్ళిపోయాక కూడా అత్తగారు రెండో కుర్చీ లోపల పెట్టనివ్వలేదు. అందులో ఫోన్ పెట్టుకుని, స్పీకర్లో చెల్లెలితో పోటీ పడుతూ లేచేది.

మాఘమాసం ఆఖర్లో మూడోసారి బందరు వెళ్ళాం. డాక్టరమ్మ కుర్చీ చూపించేలోపే అత్తగారు చేతులు కట్టుకుని కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుని, ఎవరూ అడక్కుండానే మళ్ళీ లేచింది. తగ్గిన రెండు కిలోల బరువూ తిరిగొచ్చింది. సగటు ఏడు పాయింట్ ఆరు. ఇంకా తగ్గాలి, ప్రస్తుతానికి సూది అక్కర్లేదు అంది డాక్టరమ్మ.

నాకు ఒక ప్రశ్న మిగిలింది. "ఇది పొడి వల్లనాండీ, చేపల వల్లనా, అన్నం తగ్గించడం వల్లనా? లేకపోతే మాత్ర మార్చారు కదా, దానివల్లనా?"

"అన్నీ ఒకేసారి మార్చేస్తే ఎలా చెప్పనండీ? పొడి ఒక్కటే చేసిందని మాత్రం ఎవరితోనూ అనకండి."

ఆవిడ చెప్పింది సబబే. చెరువులైతే ఒకదాంట్లో మేత మార్చి, పక్కదాంట్లో పాతదే వేసి తేడా చూస్తాం. కార్లో ఈ మాటే అంటే మా ఆవిడ, "పోల్చి చూడ్డానికి మీకింకో అత్తగారు లేరు లెండి," అంది. వెనక సీట్లో అత్తగారు నవ్వడం అద్దంలో కనపడింది.

ఆ వారంలోనే ప్రయాణం పెట్టుకుంది. చలి వెళ్ళిపోయింది, ఇప్పుడెందుకంటే, ఈ ఎండకి మెత్తళ్ళు ఇంకా తొందరగా ఎండుతాయంది. నాకు పామర్రులో చెరువు పనుంది, అక్కడిదాకా కార్లో రండి అని నేనే కాస్త అబద్ధమాడి తీసుకెళ్ళాను. అవనిగడ్డ బస్సు వచ్చింది. ఆడవాళ్ళకి టికెట్ తీసేసినప్పటినుంచి ఆ దారి బస్సులన్నీ నిండుగానే ఉంటున్నాయి. మెట్టు మీదే నలుగురు నిలబడ్డారు. నేను కారు తలుపు వేసి అత్తగారి వెనకాలే నడిచాను, ఎందుకైనా మంచిదని చెయ్యి కాస్త ముందుకి పెట్టుకుని.

కండక్టరు పైనుంచి వంగి చెయ్యి చాపాడు. "రండి మామ్మగారూ, పట్టుకోండి."

అత్తగారు ఆ చేతికి సంచీ తగిలించింది. "ముందిది పైన పెట్టు నాయనా."

తరవాత అందరూ పట్టుకునే కమ్మీ పట్టుకుని, ఒక కాలు, రెండో కాలు వేసి ఎక్కేసింది. మెట్టు మీదవాళ్ళని జరగమని కూడా తనే చెప్పింది. బస్సు కదిలాక కిటికీలో మొహం కనపడింది. ఎవరో సీటు ఇచ్చినట్టున్నారు.

మా ఆవిడ స్కూలునుంచి ఫోన్ చేసింది.

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"మీరు చెయ్యిచ్చారా?"

"ఇద్దామనుకున్నా," అన్నాను. "సందు ఇవ్వలేదు."